స్టెరాయిడ్ కంటి చుక్కలు: సీసా తెరిచిన దగ్గర్నుంచి ఆపేదాకా

స్టెరాయిడ్ చుక్కలు పడిన కన్ను చాలాసార్లు ఒకటి రెండు రోజుల్లోనే తెల్లబడుతుంది. మంట తగ్గుతుంది, వెలుతురు చూడగలుగుతారు. సరిగ్గా ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. కొందరు తగ్గిపోయిందని మందు ఠక్కున ఆపేస్తారు, లోపలి వాపు తిరగబెడుతుంది. ఇంకొందరు బాగా పనిచేసింది కదా అని నెలల తరబడి సొంతంగా వేసుకుంటూ పోతారు, ఈలోగా కంటి ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుంది. ఈ మందు పనే వాపును, దాని గుర్తులను అణచడం. కాబట్టి కన్ను చూడ్డానికి ఎలా ఉందన్నదాన్ని బట్టి మోతాదు పెంచడం, తగ్గించడం, ఆపడం ఏదీ చెయ్యకూడదు. చీటీలో రాసిన లెక్క, డాక్టరు యంత్రంలో చూసి చెప్పిన మాట, ఈ రెండే ఆధారం.

సీసా మీద ఏం చదవాలి

కంపెనీ పెట్టిన పేరు పక్కన పెట్టి, దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చూడండి. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్, డైఫ్లుప్రెడ్నేట్, ఫ్లోరోమెథలోన్, లోటిప్రెడ్నాల్: వీటిలో ఏది కనిపించినా అది స్టెరాయిడే. కీటోరొలాక్, నెపాఫెనాక్, బ్రోమ్‌ఫెనాక్ వంటివి కూడా వాపు తగ్గించేవే గానీ స్టెరాయిడ్లు కావు. అవి వేరే జాతి మందులు, వాటి జాగ్రత్తలు వేరు.

ఎక్కువమంది మోసపోయేది కలిపిన మందుల దగ్గర. మాక్సిఫ్లాక్ససిన్‌తోనో టోబ్రామైసిన్‌తోనో డెక్సామెథసోన్ కలిపి ఒకే సీసాలో అమ్ముతారు. 'యాంటీబయాటిక్ చుక్కలే కదా' అనుకుని ఇంట్లో ఎవరి కన్ను ఎర్రబడినా అదే వేస్తుంటారు. యాంటీబయాటిక్ తోడుగా ఉంది కాబట్టి భయం లేదనుకోవడం పొరపాటు. అది బాక్టీరియా మీదే పనిచేస్తుంది. హెర్పిస్ వైరస్‌నూ ఫంగస్‌నూ ఏమీ చెయ్యలేదు. ఆ రెండింటికీ స్టెరాయిడ్ మాత్రం చక్కగా దారి ఇస్తుంది.

స్టెరాయిడ్లన్నీ ఒకే బలం కావు. ప్రెడ్నిసొలోన్ అసిటేట్ 1 శాతం, డెక్సామెథసోన్ 0.1 శాతం, డైఫ్లుప్రెడ్నేట్ 0.05 శాతం గట్టివి. కార్నియాను (నల్లగుడ్డు మీది పారదర్శక పొరను) దాటి లోపలి గదిదాకా వెళ్లి పనిచేస్తాయి. అందుకే యువైటిస్‌కూ (కంటి లోపలి పొర వాపుకూ) శుక్లం ఆపరేషన్ తర్వాతా ఇవే ఎక్కువగా రాస్తారు. ఫ్లోరోమెథలోన్ 0.1 శాతం, లోటిప్రెడ్నాల్ 0.5 లేదా 0.2 శాతం కాస్త మెత్తనివి. లోటిప్రెడ్నాల్‌ను కంటిలోని ఎంజైములు త్వరగా విరిచేస్తాయి, అందువల్ల ఒత్తిడి పెంచే గుణం తక్కువ. తక్కువే తప్ప బొత్తిగా లేకపోలేదు.

శాతం అంకెను చూసి బలం అంచనా వెయ్యకండి. 0.05 శాతం డైఫ్లుప్రెడ్నేట్ రోజుకు 4 సార్లు వేస్తే, 1 శాతం ప్రెడ్నిసొలోన్ 8 సార్లు వేసినంత పని యువైటిస్‌లో చేస్తుందని పరీక్షల్లో తేలింది. షాపులో ఒకటి లేదని మరొకటి ఇచ్చి 'అదే మందు' అంటే ఒప్పుకోవద్దు. మందు మారితే ఎన్నిసార్లు వెయ్యాలన్నదీ మారాలి. ఆ లెక్క డాక్టరే చెప్పాలి.

ఈ కళ్లకు వెయ్యకూడదు

ఎర్రబడ్డ కన్నంటే స్టెరాయిడ్ అనే లెక్క ఎక్కడా లేదు. మామూలు వైరల్ కండ్లకలక ఒకటి నుంచి మూడు వారాల్లో తనంతట తనే తగ్గుతుంది. పుసి, దురద, నీరు కారడం ఇబ్బందిగా ఉన్నా చల్లటి తడిగుడ్డ, కృత్రిమ కన్నీటి చుక్కలు చాలాసార్లు సరిపోతాయి.

అసలు ప్రమాదం కార్నియా మీద పుండు ఉన్నప్పుడు. హెర్పిస్ వైరస్ కార్నియా పైపొరమీద కొమ్మలు కొమ్మలుగా పుండు వేస్తుంది. మామూలు కంటికి అది కనిపించదు. ఫ్లోరసీన్ రంగు వేసి నీలి వెలుతురులో స్లిట్‌ల్యాంప్ (కంటిని పెద్దది చేసి చూపే యంత్రం) కింద చూస్తే ఆకుపచ్చగా మెరిసే కొమ్మలా తెలుస్తుంది. దాని మీద స్టెరాయిడ్ చుక్క పడితే వైరస్‌కు అడ్డు తొలగుతుంది, సన్న గీతలా ఉన్న పుండు వెడల్పాటి మచ్చగా పాకుతుంది. ఒకే కన్ను మళ్లీ మళ్లీ ఎర్రబడుతున్నా, పెదవి పక్కన జ్వరపు పొక్కులు వచ్చే అలవాటున్నా ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి. హెర్పిస్ కార్నియా లోపలి పొరకు దిగినప్పుడు డాక్టర్లే స్టెరాయిడ్ వాడతారు, కానీ వైరస్‌ను అణిచే మందు తోడు లేకుండా కాదు.

రెండోది ఫంగస్. గడ్డిపరకో, ఆకు అంచో, పుల్లో, పైరు మొనో కంట్లో గుచ్చుకున్నాక వచ్చే ఎర్రదనానికి ఇంట్లో ఉన్న స్టెరాయిడ్ చుక్కలు వెయ్యడమంత చెడ్డ పని ఇంకోటి లేదు. ఒకటి రెండు రోజులు హాయిగా ఉంటుంది, నొప్పి తగ్గుతుంది. ఆ హాయిని చూసి ఆగిపోతే, లోపల ఫంగస్ పెరిగి నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపించే వేళకు వైద్యం చాలా కష్టమైపోతుంది. మానినా కంట్లో పువ్వు మిగిలిపోతుంది. కాంటాక్టు లెన్సులు పెట్టుకునేవాళ్ల కన్ను ఎర్రబడి నొప్పి పెడుతున్నా ఇదే జాగ్రత్త: ముందు లెన్సు తీసెయ్యాలి, పరీక్ష అయ్యేదాకా స్టెరాయిడ్ జోలికి పోకూడదు.

అందుకే మొదటిసారి రాసేటప్పుడే కాదు, అదే చీటీని మళ్లీ వాడేముందు కూడా కన్నును స్లిట్‌ల్యాంప్‌లో చూడాలన్నది నియమం. పాత చీటీ చూపించి కొత్త సీసా కొనడం అంటే ఆ పరీక్షను దాటెయ్యడమే.

కొత్త సీసా తెరవడం

మూత కింద ఉండే సీలు రింగు తెగిన తర్వాత సీసా మెడ చుట్టూ వదులుగా తిరుగుతుంటుంది. దాన్ని తీసి పారెయ్యండి. తలకిందులుగా పట్టినప్పుడు అది జారి కంట్లో పడగలదు.

కొన్ని సీసాల మూత లోపల చిన్న ముల్లు ఉంటుంది. మూతను కుడివైపుకు చివరిదాకా బిగిస్తే ఆ ముల్లే నాజిల్‌కు రంధ్రం చేస్తుంది. ఇది తెలియక సూదితోనో పిన్నీసుతోనో పొడుస్తారు. దానివల్ల రెండు నష్టాలు. రంధ్రం పెద్దదై ఒక్కో చుక్కా లావుగా పడి మందు త్వరగా అయిపోతుంది. అంతకంటే ముఖ్యం, శుభ్రంగా తయారై వచ్చిన సీసాలోకి మన చేత్తోనే క్రిములను ఎక్కించినట్టవుతుంది.

తెరిచిన తేదీ సీసా మీదే పెన్నుతో రాయండి. అట్టపెట్టె మీద రాస్తే పెట్టె ముందు పోతుంది. లేబుల్ మీద వేరే గడువు ఉంటే తప్ప, తెరిచిన 4 వారాలకు మిగిలింది పారెయ్యాలి. సీసా మీద ముద్రించిన గడువు తేదీ మూత తియ్యని సీసాకే వర్తిస్తుంది. ఎండ తగిలే కిటికీలో, ఎండలో ఆపిన కారులో, పొయ్యి దగ్గర పెట్టొద్దు. గడ్డకట్టనివ్వనూ కూడదు. సీసాను నిలబెట్టే ఉంచండి.

కలపడం: చిన్న పనే, తేడా మాత్రం పెద్దది

ప్రెడ్నిసొలోన్ అసిటేట్, ఫ్లోరోమెథలోన్, లోటిప్రెడ్నాల్ చుక్కల సీసాలు ఎక్కువగా సస్పెన్షన్లు. అంటే మందు నీళ్లలో కరగదు, సన్నటి పొడిగా తేలుతుంటుంది. కొన్ని గంటలు కదలకుండా ఉంటే ఆ పొడి అడుక్కు దిగి తెల్లటి పొరలా కూర్చుంటుంది. కదపకుండా వేస్తే మొదటి వారం కంట్లో పడేది ఎక్కువగా నీళ్లే, వాపు తగ్గదు. సీసా చివరికొచ్చేసరికి చిక్కటి మందు పడుతుంది, అదీ చుక్కల సంఖ్య తగ్గించాల్సిన రోజుల్లో. మందు పనిచెయ్యడం లేదని డాక్టరు దగ్గరకు వెళ్లేముందు ఈ ఒక్క సంగతి సరిచూసుకోండి.

సీసాను వెలుతురుకెత్తి అడుగు చూడండి. తెల్లటి పొర కనిపిస్తే మూత బిగించి తలకిందులు చేస్తూ గట్టిగా ఊపండి. అడుగున ఏమీ అంటుకుని లేదని మళ్లీ చూడండి. ఊపడానికి అరనిమిషం పట్టినా తొందరపడొద్దు. ఇది ప్రతిసారీ చెయ్యాల్సిందే. పొద్దున ఊపాం కదా అంటే మధ్యాహ్నానికి మళ్లీ దిగిపోతుంది.

డెక్సామెథసోన్ ఫాస్ఫేట్, ప్రెడ్నిసొలోన్ ఫాస్ఫేట్ నీళ్లలా తేటగా ఉంటాయి, ఊపక్కర్లేదు. డైఫ్లుప్రెడ్నేట్ పాలలా తెల్లగా కనిపించినా ఎమల్షన్ (నూనె, నీరు కలిసిపోయిన ద్రవం) కాబట్టి దానికీ ఊపే పని లేదు. మీ సీసా ఏ రకమో లేబుల్ మీదే ఉంటుంది.

చుక్క వేసే తీరు

1. చేతులు సబ్బుతో కడిగి తుడుచుకోండి. సీసా పేరు, ఏ కన్ను, ఇది ఎన్నోసారి అన్నవి చూసుకోండి. ఇంట్లో చెవి చుక్కలుంటే వాటిని వేరే గదిలో పెట్టండి. రెండు సీసాలూ ఒకలాగే ఉంటాయి, చెవి మందు కంట్లో పడితే కార్నియా ఒరుసుకుపోతుంది.

2. మూత తీసి, లోపలి వైపు పైకి ఉండేలా శుభ్రమైన టిష్యూ మీద పెట్టండి.

3. పడుకోండి, లేదా కుర్చీలో కూర్చుని తల బాగా వెనక్కి వాల్చండి. చూపుడు వేలితో కింది రెప్పను కిందికి లాగి సంచిలా చెయ్యండి. చుక్క పడాల్సింది ఆ సంచిలో. నల్లగుడ్డు మీద పడితే ఉలిక్కిపడి రెప్ప మూసేస్తాం.

4. సీసా మొన కంటికి ఒకటి రెండు సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. పైకి చూస్తూ ఒక్క చుక్క పిండండి.

5. కన్ను మెల్లగా మూయండి. గట్టిగా బిగించొద్దు, టపటపా కొట్టొద్దు. అలా చేస్తే వేసింది వేసినట్టే బయటికొస్తుంది.

6. ముక్కు పక్కన కనుకొలకు మీద వేలిమొనతో నొక్కి ఒకటి రెండు నిమిషాలు పట్టుకోండి. కన్నీళ్లు ముక్కులోకి దిగే సన్నని గొట్టం అక్కడే ఉంది. నొక్కకపోతే మందు దాని గుండా గొంతులోకి జారి చేదు తెలుస్తుంది; కంటికి దక్కాల్సింది ఒంట్లోకి పోతుంది. చంటిపిల్లల్లో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం, చిన్న ఒంటికి అదే చుక్క ఎక్కువ మోతాదు అవుతుంది.

7. బయటికొచ్చింది టిష్యూతో అద్ది, మూత పెట్టి, చేతులు మళ్లీ కడుక్కోండి. తర్వాత కొన్ని నిమిషాలు చూపు మసగ్గా ఉంటుంది, అది పోయేదాకా బండి నడపొద్దు.

రెండో చుక్క ఎందుకు దండగో చెప్పుకోవాలి. కింది రెప్ప సంచి పట్టగలిగేది సుమారు 30 మైక్రోలీటర్లు. సీసా నుంచి పడే ఒక్క చుక్కే 30 నుంచి 50 మైక్రోలీటర్లు ఉంటుంది. అంటే మొదటి చుక్కకే సంచి నిండి పొంగుతుంది. వెంటనే వేసిన రెండోది చెంప మీదికి పోతుంది, లేదా గొంతులోకి. చుక్క పడిందో లేదో నిజంగా తెలియకపోతే మాత్రం ఇంకోటి వెయ్యడంలో తప్పులేదు; కంటికి పట్టేది ఎలాగూ అంతే.

మొన రెప్పవెంట్రుకలకు తగిలితే కంటి క్రిములు సీసాలోకి వెళ్తాయి. నీళ్లతో మొన కడగడం దానికి విరుగుడు కాదు. ఇన్‌ఫెక్షన్ ఉన్న కంటికి తగిలితే ఆ సీసా పక్కన పెట్టి కొత్తది తీసుకోవడమే మేలు. ఒక కంటికి ఆపరేషన్ అయి ఇంకో కంటికి వేరే జబ్బు ఉంటే రెండు కళ్లకూ రెండు సీసాలు పెట్టుకోండి.

చేయి వణికేవాళ్లు సీసా పట్టుకున్న చేతి మడమను నుదుటికి ఆనించాలి. పిల్లలకు ఇంకో దారి ఉంది: వెల్లకిలా పడుకోబెట్టి, కళ్లు మూసుకోమని, ముక్కు పక్కన కనుకొలకులో చుక్క వెయ్యండి. కన్ను తెరవగానే మందు దానంతట అదే లోపలికి జారుతుంది. పెనుగులాడి రెప్పలు విప్పడం కంటే ఇది ఎన్నో రెట్లు నయం.

ఒకటికి మించి చుక్కలు ఉంటే

యువైటిస్ రోగి చేతిలో సాధారణంగా స్టెరాయిడ్‌తో పాటు కంటిపాపను పెద్దది చేసే హోమాట్రోపిన్, సైక్లోపెంటోలేట్ లేదా అట్రోపిన్ కూడా ఉంటుంది. 'దీనివల్ల చూపు మసకేస్తోంది' అని అది మానేస్తుంటారు. దగ్గరి అక్షరాలు కనపడకపోవడం, వెలుతురు మిరుమిట్లు గొలపడం దాని సహజ గుణం. వాచిన ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర) తన వెనకున్న కంటి సహజ లెన్సుకు అతుక్కుపోకుండా కాపాడేది, నొప్పి తగ్గించేది ఆ చుక్కలే. చెప్పకుండా మానొద్దు.

రెండు మందుల మధ్య కనీసం 5 నిమిషాలు ఎడం ఉండాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. ముందు నీళ్లలాంటి చుక్కలు, తర్వాత సస్పెన్షన్, ఆ తర్వాత జెల్, చివర్న ఆయింట్‌మెంట్. ఆయింట్‌మెంట్ ముందు పూస్తే దాని జిడ్డు మీద చుక్క నిలవదు. ఆయింట్‌మెంట్‌కు ముందు 10 నిమిషాలు ఆగితే ఇంకా మంచిది.

కాంటాక్టు లెన్సుల మాట. కంట్లో వాపు ఉన్నన్నాళ్లు లెన్సులు పెట్టుకోకపోవడమే సరైనది. డాక్టరు అనుమతించినా చుక్కలు వేసేముందు తీసి, 15 నిమిషాల తర్వాతే పెట్టుకోవాలి. చాలా సీసాల్లో నిలవ కోసం కలిపే బెంజాల్కోనియం క్లోరైడ్‌ను మెత్తటి లెన్సు పీల్చుకుని కార్నియాకు ఆనించి ఉంచుతుంది.

సీసా ఎన్నాళ్లొస్తుంది

ఇది ముందే లెక్కేసుకోకపోతే మధ్యలో మందు ఆగిపోతుంది. 5 మిల్లీలీటర్ల సీసాలో నాజిల్‌ను బట్టి సుమారు 100 నుంచి 150 చుక్కలుంటాయి. జారిపోయేవి తీసేసి 100 అనుకోండి.

గట్టి యువైటిస్‌లో మొదటి రోజుల్లో మెలకువగా ఉన్నంతసేపు గంటకోసారి వెయ్యమంటారు. 16 గంటల మెలకువకు 16 చుక్కలు. ఒక కంటికే అయినా సీసా ఆరు రోజుల్లో ఖాళీ. వారం తర్వాత రమ్మన్నారు కదా అని ఒకే సీసాతో ఉంటే చివరి రోజు, అదీ వాపు మెడలు వంచాల్సిన సమయంలో, మందు ఉండదు. రెండో సీసా మొదటి రోజే తీసుకోండి. గంటకోసారి అన్నప్పుడు గంటకోసారే. 'రోజుకు ఓ ఐదారుసార్లు వేశాం' అంటే మూడోవంతు వైద్యమే జరిగినట్టు. ఫోనులో అలారం పెట్టుకుని, కాగితం మీద గీత గీస్తూ వెయ్యండి.

ఒక చుక్క మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వెయ్యండి. తర్వాతి వేళ దగ్గరపడితే అది వదిలెయ్యండి. రెండూ కలిపి వెయ్యొద్దు.

తగ్గించే లెక్క

శుక్లం ఆపరేషన్ తర్వాత తరచుగా కనిపించే పద్ధతి ఒకటి చూడండి. మీ చీటీలో వేరేగా ఉంటే మీ చీటీయే లెక్క.

మొదటి వారం: 4 సార్లు. ఉదయం 7, మధ్యాహ్నం 12, సాయంత్రం 5, రాత్రి 10.
రెండో వారం: 3 సార్లు. ఉదయం 7, మధ్యాహ్నం 2, రాత్రి 9.
మూడో వారం: 2 సార్లు. ఉదయం 8, రాత్రి 8.
నాలుగో వారం: ఉదయం ఒక్కసారి. తర్వాత ఆపడం.

మొత్తం 70 చుక్కలు, అంటే ఒక కంటికి ఒక సీసా. కలిపిన మందు ఇచ్చి ఉంటే ఒక మెలిక ఉంది. స్టెరాయిడ్‌ను మెల్లగా తగ్గించాలి గానీ యాంటీబయాటిక్‌ను రోజుకొక చుక్క చొప్పున సాగదియ్యకూడదు; అంత తక్కువ మందులో బాక్టీరియా చావకుండా దానికి అలవాటు పడుతుంది. అందుకే చాలామంది డాక్టర్లు మొదటి వారం, పది రోజుల తర్వాత కలిపిన సీసా ఆపి ఒట్టి స్టెరాయిడ్ రాస్తారు. చీటీలో మందు పేరు మారింది ఎందుకో అర్థంకాక రెండూ వేసుకునేవాళ్లున్నారు. అడిగి తెలుసుకోండి.

యువైటిస్‌లో తగ్గింపు ఇంత సాఫీగా సాగదు. తరచుగా 6 నుంచి 8 వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. కార్నియాకూ ఐరిస్‌కూ మధ్యనున్న నీటిలో తెల్లకణాలు ఎన్ని తేలుతున్నాయో డాక్టరు స్లిట్‌ల్యాంప్‌లో లెక్కపెట్టి, దాన్నిబట్టి తగ్గిస్తారు. అద్దంలో కన్ను మల్లెపువ్వులా కనిపించే రోజున కూడా ఆ కణాలు ఉండొచ్చు. ఠక్కున ఆపితే అణిగి ఉన్న వాపు ఒక్కసారిగా లేస్తుంది, రెండోసారి అదుపు చెయ్యడానికి మొదటిసారి కంటే ఎక్కువ మందు కావాల్సి రావచ్చు. తగ్గిస్తుండగా ఏ మెట్టు దగ్గర కన్ను మళ్లీ ఎర్రబడిందో, 3 సార్ల దగ్గరా 2 సార్ల దగ్గరా, తేదీతో రాసుకోండి. డాక్టరుకు అది చాలా పనికొచ్చే సమాచారం.

కంటి ఒత్తిడి: తెలియకుండా జరిగే నష్టం

కంటి లోపల పుట్టే నీరు బయటికి పోవడానికి ఐరిస్ అంచున జల్లెడలాంటి దారి ఉంది. కొందరిలో స్టెరాయిడ్ ఆ జల్లెడను బిగిస్తుంది. నీరు నిలిచి ఒత్తిడి పెరుగుతుంది. మామూలుగా అది 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉండాలి. 1960ల్లో ఆర్మలీ, బెకర్ అనే వైద్యులు నాలుగు నుంచి ఆరు వారాలు గట్టి స్టెరాయిడ్ చుక్కలు వేసి చూశారు. సుమారు 5 శాతం మందికి ఒత్తిడి ముందున్నదాని మీద 15 మిల్లీమీటర్లకు మించి పెరిగింది. మూడోవంతు మందికి 6 నుంచి 15 దాకా పెరిగింది. మిగతావాళ్లకు పెద్దగా తేడా లేదు.

మీరు ఏ గుంపులో ఉన్నారో కొలిచి చూస్తే తప్ప తెలియదు. ఇంత పెరిగినా నొప్పి ఉండదు, ఎర్రదనం ఉండదు, అక్షరాల పట్టికలో చివరి వరుస కూడా చదివేస్తారు. ముందు పోయేది పక్కచూపు. దాన్ని గమనించే సరికి నరం చాలావరకు పోయి ఉంటుంది, అది తిరిగి రాదు. ఇదే గ్లాకోమా, మనం నీటికాసులు అనే జబ్బు.

కాబట్టి 10 రోజులకు మించి వాడుతుంటే ఒత్తిడి కొలిపించుకోవాలి. పెరుగుదల ఎక్కువగా రెండో వారం నుంచి ఆరో వారం లోపల బయటపడుతుంది. అందువల్ల మొదలుపెట్టిన రోజు కొలత ఒకటి ఉండాలి, ఆ వారాల్లో కనీసం ఒకటి రెండుసార్లు చూడాలి, వాడకం సాగితే డాక్టరు చెప్పిన వ్యవధిలో చూపించుకుంటూనే ఉండాలి. కొలిచిన అంకె అడిగి చీటీ మీద రాయించుకోండి. 'బాగానే ఉంది' అన్న మాట వచ్చే నెల పోల్చి చూసుకోడానికి పనికిరాదు.

ముందే గ్లాకోమా ఉన్నవాళ్లు, తల్లిదండ్రుల్లో తోబుట్టువుల్లో అది ఉన్నవాళ్లు, మధుమేహులు, మైనస్ పవర్ బాగా ఎక్కువున్నవాళ్లు, పిల్లలు, ఇదివరకు స్టెరాయిడ్‌తో ఒత్తిడి పెరిగినవాళ్లు ఆ మాట మొదటి రోజే చెప్పాలి. తొందరగా పట్టుకుంటే భయం లేదు. మందు ఆపినా, మెత్తనిదానికి మార్చినా చాలామందికి కొన్ని వారాల్లో ఒత్తిడి దిగుతుంది. అవసరమైతే ఒత్తిడి తగ్గించే చుక్కలు తోడు ఇస్తారు. ఒత్తిడి పెరిగిందని విని ఇంటికొచ్చి స్టెరాయిడ్ మొత్తం ఆపెయ్యకండి. ఆ మార్పు కూడా లెక్క ప్రకారమే జరగాలి.

దీర్ఘకాలం వాడితే లెన్సు వెనక పొరలో శుక్లం కూడా రావచ్చు. ఎదురు వెలుతురులో చూపు చెదరడం, దూరం కంటే దగ్గరి చదువు ముందుగా కష్టమవడం దాని మొదటి గుర్తులు. మందు ఆపినా అది వెనక్కి పోదు.

ఫోన్ చేసి ఆగకుండా వెంటనే వెళ్లాల్సినవి

మందు వేస్తున్నా నొప్పి పెరగడం, చూపు నిన్నటికంటే ఇవాళ తగ్గడం, వెలుతురు భరించలేకపోవడం ఎక్కువవడం, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ, చీములాంటి పుసి, దీపాల చుట్టూ రంగుల వలయాలతో పాటు తలనొప్పి, వాంతి. శుక్లం ఆపరేషన్ అయిన కంటికి నొప్పి పెరిగి చూపు పడిపోతే అది కంటి లోపలి ఇన్‌ఫెక్షన్ కావచ్చు. ఆ రోజే, రాత్రయినా సరే వెళ్లాలి. స్టెరాయిడ్ వేస్తున్న కంట్లో ఇన్‌ఫెక్షన్ తక్కువ ఎర్రదనంతో మొదలవుతుంది. ఎర్రగా లేదు కదా అని తెల్లారేదాకా ఆగకండి. వేసిన వెంటనే కాసేపు చురుక్కుమనడం, కొద్దిసేపు మసక, నోట్లో చేదు, రెప్పల మీద తెల్లటి పొడి ఆరడం మాత్రం మామూలే.

పిల్లల దురద కళ్లు

ఈ మందుతో అన్యాయంగా చూపు పోయేది ఇక్కడే. ఏటా వచ్చే అలర్జీ, కళ్లు నలుపుకునే పిల్లవాడు, ఎప్పుడో రాసిన స్టెరాయిడ్ చీటీ. వేస్తే రెండు రోజుల్లో దురద మాయం, ఆపితే మళ్లీ మొదలు. అలా ఏళ్లు గడుస్తాయి. పక్కచూపు పోతోందని పిల్లవాడు చెప్పలేడు, వాడికి అదే లోకం.

వర్నల్ అలర్జీలో (ఏటా తిరగబెట్టే ఈ దురద కళ్ల జబ్బులో) స్టెరాయిడ్‌కు చోటు ఉంది, కానీ తీవ్రంగా ఉన్న కొద్దిరోజులకే. రోజువారీ అదుపుకు ఒలోపటడిన్, కీటోటిఫెన్ వంటి స్టెరాయిడ్ కాని చుక్కలున్నాయి. మొండి జబ్బుకు సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ ఉన్నాయి. ఇవి పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి మొదట్లో స్టెరాయిడ్‌తో కలిపి మొదలుపెట్టి, తర్వాత స్టెరాయిడ్‌ను తప్పిస్తారు. చల్లటి తడిగుడ్డ, ఎండలో చలవ కళ్లద్దాలు, కళ్లు నలుపుకోకుండా చూడటం మందుల అవసరాన్నే తగ్గిస్తాయి. పిల్లవాడికి ఒక్క ఏడాదిలో రెండోసారి స్టెరాయిడ్ కొనాల్సి వస్తుంటే కొనేముందు ఒత్తిడి కొలిపించండి.

కోర్సు అయ్యాక

మిగిలిన సీసాను మందుల పెట్టెలో దాచొద్దు. దాచినది ఎవరో ఒకరి ఎర్ర కంటికి చేరుతుంది. కానీ పారేసేముందు మందు పేరు, బలం, మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ, ఎక్కువలో ఎక్కువ నమోదైన కంటి ఒత్తిడి అంకె ఒక కాగితం మీద రాసి కంటి రిపోర్టుల్లో పెట్టండి. ఇక మీదట ఏ కంటి డాక్టరు దగ్గరకు వెళ్లినా ముందు ఆ కాగితం చూపించండి. కీళ్లకో, ఉబ్బసానికో, చర్మానికో ఇంకెవరైనా స్టెరాయిడ్ రాసినప్పుడూ, అది మాత్రైనా, పీల్చేదైనా, రెప్పల దగ్గర పూసే క్రీమైనా, ఆ కాగితం వాళ్లకూ చూపించండి. ఆ దారుల్లో వెళ్లిన మందు కూడా కంటి ఒత్తిడిని పెంచగలదు.